డెవ్ సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది, స్టేజింగ్‌కి కావడం లేదు: వీఎస్ కోడ్‌తో ఏం చేయాలి?

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లో మన తెలుగు పిల్లలను కోడ్ కంటే ఎక్కువగా ఏడిపించేది కనెక్షన్. మారతహళ్లిలోనో బీటీఎమ్‌లోనో పీజీ గదిలో కూర్చుని పని మొదలుపెడతారు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో డెవ్ సర్వర్, అంటే కోడ్ రాసి చూసుకునే సర్వర్, హాయిగా తెరుచుకుంటుంది. విడుదలకు ముందు పరీక్షించే స్టేజింగ్ సర్వర్ మాత్రం "కుడ్ నాట్ ఎస్టాబ్లిష్ కనెక్షన్" అని ఆగిపోతుంది. టీమ్ లీడ్ మీటింగ్‌లో ఉంటారు. నెట్‌వర్క్ టీమ్ వాళ్లు టికెట్ వేయమంటారు, అందులో ఏం రాయాలో తెలియదు. "అన్నా, రూటర్ రీస్టార్ట్ చేశాను, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను, వీఎస్ కోడ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఐనా రావట్లేదు" అని ఫోన్ వస్తుంది.

ఆ మూడు పనులూ ఇక చేయకండి. రీఇన్‌స్టాల్‌తో ఈ సమస్య పోవడం చాలా అరుదు. రూటర్ రీస్టార్ట్ చేస్తే మీ పబ్లిక్ ఐపీ మారిపోయి, అప్పటిదాకా పనిచేసిన సర్వర్ కూడా ఆగిపోవచ్చు.

ఒక సర్వర్ పనిచేస్తూ ఇంకొకటి పనిచేయకపోవడం ఒకరకంగా మీకు మేలే. అంటే మీ ఇంటర్నెట్ బాగానే ఉంది, టూల్ బాగానే ఉంది. ఆ రెండు సర్వర్ల మధ్య తేడా ఎక్కడుందో వెతకడమే మిగిలిన పని. ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు గీయండి, ఒకటి డెవ్‌కి, ఒకటి స్టేజింగ్‌కి. అడ్రస్, పోర్ట్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ బదులు ఏ కీ ఫైల్ వాడుతున్నారు, మధ్యలో వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే దారి) గానీ జంప్ సర్వర్ (దాటి వెళ్లాల్సిన మధ్య సర్వర్) గానీ ఉందా, సర్వర్ మీద ఏ ఓఎస్, ఏ వెర్షన్. ఈ ఆరూ పక్కపక్కనే రాయండి. తెలియనివి ఖాళీగా వదిలేయండి, కింది అడుగులు వేస్తూ నింపుకోవచ్చు.

ఒక్క మాట: కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు, వేరేగా చెప్పనంత వరకు, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి.

మొదటి అడుగు: వీఎస్ కోడ్‌ని పక్కన పెట్టండి

వీఎస్ కోడ్ చూపించే పాప్-అప్ లోపల ఏం జరిగిందో చెప్పదు. అసలు ఎర్రర్ కింద అవుట్‌పుట్ ప్యానెల్‌లో ఉంటుంది. వీఎస్ కోడ్ దూరంలోని సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత లాగిన్ పద్ధతిలోనే వెళ్తుంది, కాబట్టి అక్కడ జాబితాలో రిమోట్-ఎస్‌ఎస్‌హెచ్ ఎంచుకుని, లాగ్ చివరి ఇరవై, ముప్ఫై లైన్లు నెమ్మదిగా చదవండి.

ఆ తర్వాత మామూలు టెర్మినల్ తెరిచి అదే సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ -వీవీవీ కొట్టండి. ఆ మూడు 'వీ'ల వల్ల కనెక్షన్‌లోని ప్రతి దశా కనిపిస్తుంది. ఇక్కడ రెండే దారులు. టెర్మినల్‌లో కూడా రాకపోతే సమస్య నెట్‌వర్క్‌లోనో కీలోనో ఉంది. టెర్మినల్‌లో వచ్చి వీఎస్ కోడ్‌లో రాకపోతే సమస్య వీఎస్ కోడ్‌కీ ఆ సర్వర్‌కీ మధ్య ఉంది, నేరుగా అయిదో అడుగుకి వెళ్లండి.

వెళ్లే ముందు, విండోస్ వాడేవాళ్లు ఒకటి సరిచూసుకోవాలి. మీరు పరీక్షించిన టెర్మినల్ డబ్ల్యూఎస్‌ఎల్‌దా (విండోస్ లోపల నడిచే లినక్స్), విండోస్‌దా? డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటుకి ఒక హోమ్ ఫోల్డర్, విండోస్ యూజర్‌కి ఇంకో హోమ్ ఫోల్డర్. రెండింటిలోనూ విడివిడిగా డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లు ఉంటాయి. విండోస్‌లో తెరిచిన వీఎస్ కోడ్ విండోస్ వైపు కీలనీ, విండోస్ వైపు కాన్ఫిగ్ ఫైల్‌నీ మాత్రమే చూస్తుంది. మీ స్టేజింగ్ కీ ఉబుంటు వైపు ఉంటే టెర్మినల్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వీఎస్ కోడ్‌కి మాత్రం ఆ కీ ఉన్నట్టే తెలియదు. పవర్‌షెల్ తెరిచి అక్కడి నుంచి మళ్లీ ప్రయత్నిస్తే నిమిషంలో తేలిపోతుంది.

రెండో అడుగు: ఎర్రర్ ఏ మాట అంటోందో చూడండి

చాలామంది ఎర్రర్ రాగానే దాన్ని "కనెక్ట్ కావట్లేదు" అనే ఒక్క మాటలోకి కుదించేస్తారు. అలా చేస్తే చేతిలో ఉన్న ఆధారం పోయినట్టే. ఈ మాటల్లో ఒక్కోటీ ఒక్కో చోటు చూపిస్తుంది.

"కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్‌నేమ్" అంటే పేరుకి ఐపీ దొరకలేదు. సర్వర్ దాకా మీరు వెళ్లనే లేదు. కంపెనీ లోపలి పేర్లు చాలాచోట్ల కంపెనీ డీఎన్‌ఎస్‌కే తెలుస్తాయి, కాబట్టి వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూడండి. ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌కి ఆ పేరు ఇస్తే ఏ డీఎన్‌ఎస్ సర్వర్ జవాబిస్తోందో కూడా కనిపిస్తుంది. అక్కడ మీ పీజీ రూటర్ అడ్రస్ కనిపిస్తే కారణం దొరికినట్టే.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" చూసి భయపడతారు గానీ అది మంచి కబురే. ఎక్కువ సందర్భాల్లో మీ ప్యాకెట్, అంటే మీరు పంపిన డేటా ముక్క, సర్వర్‌ని చేరిందనీ, సర్వర్ బతికే ఉందనీ, "ఈ పోర్ట్‌లో నా దగ్గర ఎవరూ లేరు" అని తిరిగి జవాబిచ్చిందనీ అర్థం. ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ ఆగిపోయి ఉండాలి, లేదా 22 కాకుండా వేరే పోర్ట్‌లో నడుస్తూ ఉండాలి. డెవ్‌లో 22 పెట్టి స్టేజింగ్‌లో 2222 పెట్టే టీమ్‌లు ఉన్నాయి. ఇంకో కారణం సర్వర్ మీద ఉండే ఫెయిల్‌టుబ్యాన్ అనే రక్షణ ప్రోగ్రామ్. తప్పు కీతో అదే పనిగా ప్రయత్నిస్తే అది మీ ఐపీని కొంతసేపు అడ్డుకుంటుంది. మార్చకపోతే దాని లెక్క పది నిమిషాల్లో అయిదు తప్పులు, పది నిమిషాల నిషేధం. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి పరీక్షించి చూడండి, దాని నుంచి వస్తే అనుమానం బలపడుతుంది. ఆఫీసులో అందరూ ఒకే పబ్లిక్ ఐపీతో బయటికి వెళ్తారు కాబట్టి, పక్క సీటు వాళ్ల తప్పులకు మీరూ ఆగిపోవచ్చు.

"కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటే జవాబే రాలేదు. దారిలో ఎక్కడో మీ ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పారేస్తున్నారు. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో ఫైర్‌వాల్‌లా ఉండే సెక్యూరిటీ గ్రూప్ చేసే పని సరిగ్గా ఇదే: రూల్ లేకపోతే తిరస్కరించదు, మౌనంగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎర్రర్ కూడా ఇదే, దీని కోసమే మూడో అడుగు.

"పర్మిషన్ డినైడ్" అంటే నెట్‌వర్క్ మొత్తం బాగుంది, గుమ్మం దాకా వెళ్లారు, తాళంచెవి సరిపోలేదు. ఇక రూటర్, వీపీఎన్ జోలికి వెళ్లకుండా నాలుగో అడుగుకి రండి.

"హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అంటే అదే అడ్రస్‌లో ఇదివరకు చూసిన సర్వర్ కాకుండా వేరే గుర్తింపుతో ఇంకో సర్వర్ కనిపిస్తోంది. స్టేజింగ్ మెషిన్‌ని కొత్తగా కట్టినప్పుడు ఇలా రావడం సహజం. ఐనా వెంటనే పాత ఎంట్రీ చెరిపేయకండి. సర్వర్లు చూసుకునే మీ డెవాప్స్ వాళ్లను "స్టేజింగ్ రీబిల్డ్ చేశారా? కొత్త ఫింగర్‌ప్రింట్ ఏమిటి?" అని అడగండి. సరిపోలితే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌కి పెద్ద అక్షరంలో -ఆర్ జోడించి, సర్వర్ పేరు ఇచ్చి పాతదాన్ని తీసేయండి. హెచ్చరికే రాకుండా చెకింగ్ ఆపేయమనే సలహా చాలాచోట్ల దొరుకుతుంది. మధ్యలో ఎవరైనా దూరితే పట్టుకునే ఒకే ఒక్క రక్షణను తీసేసే సలహా అది, దయచేసి పాటించకండి.

మూడో అడుగు: దారి

ముందు పోర్ట్ తెరిచి ఉందో లేదో విడిగా చూడండి. లినక్స్‌లో, మ్యాక్‌లో ఎన్‌సీ -వీజెడ్ తర్వాత అడ్రస్, 22. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ తర్వాత అడ్రస్, ఆపైన -పోర్ట్ 22. పింగ్ రాలేదని సర్వర్ లేదనుకోకండి. చాలా సర్వర్లలో పింగ్‌ని కావాలనే ఆపేస్తారు.

పోర్ట్ జవాబివ్వకపోతే మొదటి అనుమానం మీ పబ్లిక్ ఐపీ మీదే. సెక్యూరిటీ గ్రూప్‌లో "మై ఐపీ" అని ఎంచుకుని రూల్ పెట్టినప్పుడు ఆ క్షణంలో మీకున్న ఐపీ మాత్రమే అందులో చేరుతుంది. సాయంత్రం వాన పడి కరెంట్ పోయి, రూటర్ ఆగి మళ్లీ వచ్చిందంటే కొత్త ఐపీ రావచ్చు. పీజీ మార్చితే కొత్త ఐపీ. సంక్రాంతికి ఊరెళ్లి హాట్‌స్పాట్ మీద పనిచేస్తే ఇంకో ఐపీ. మీ ఐపీ బ్రౌజర్‌లో చూసుకుని రూల్‌లో ఉన్నదానితో పోల్చండి. డెవ్‌కి అందరికీ తెరిచిన రూల్ ఉండి, స్టేజింగ్‌కి ఐపీ వారీగా రూల్ ఉంటే "డెవ్ వస్తోంది, స్టేజింగ్ రావట్లేదు" అన్నదానికి అర్థం ఇదే. అప్పుడు పాత ఐపీ తీసి కొత్తది పెట్టించండి. 0.0.0.0/0 పెట్టి ప్రపంచం మొత్తానికీ తెరవకండి, ఒక్క రోజుకైనా సరే. 22 పోర్ట్ తెరిచిన కొద్దిసేపటికే ఎవరెవరో తలుపు తట్టడం లాగ్‌లో మీకే కనిపిస్తుంది.

సర్వర్ ఐపీ కూడా మారవచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకునే ఈసీ2 మెషిన్‌ని స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే, ఎలాస్టిక్ ఐపీ (మారని ఐపీ) లేనప్పుడు, పబ్లిక్ ఐపీ మారిపోతుంది. రీబూట్‌కి మారదు. ఖర్చు తగ్గించడానికి స్టేజింగ్‌ని శుక్రవారం రాత్రి ఆపి సోమవారం లేపే టీమ్‌లో ఉంటే, ప్రతి సోమవారం ఉదయం వచ్చే ఇబ్బందికి ఇదే కారణం కావచ్చు.

రెండో అనుమానం వీపీఎన్ రూట్. వీపీఎన్ కనెక్ట్ అయిందని పచ్చగుర్తు చూపించినా, అన్ని సర్వర్లకూ దారి ఉన్నట్టు కాదు. డెవ్ ముంబై రీజియన్‌లో, స్టేజింగ్ హైదరాబాద్ రీజియన్‌లో ఉందనుకుందాం. అవి రెండు వేర్వేరు వీపీసీలు, అంటే క్లౌడ్‌లో విడివిడి ప్రైవేట్ నెట్‌వర్క్‌లు. ఒకదాని సెక్యూరిటీ గ్రూప్‌లో పెట్టిన రూల్ రెండోదానికి వర్తించదు. వీపీఎన్ రూట్లలో ఒకదాని ఐపీ రేంజ్ ఉండి రెండోది లేకపోతే, ఆ రెండో సర్వర్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్ మీ ఇంటి రూటర్‌కి పోయి అక్కడే ఆగిపోతుంది. లినక్స్‌లో ఐపీ రూట్ గెట్ తర్వాత సర్వర్ ఐపీ కొట్టండి. ఏ ఇంటర్‌ఫేస్ ద్వారా వెళ్తోందో ఒక్క లైన్‌లో చెబుతుంది. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ కాకుండా వైఫై కనిపిస్తే, రూట్ చేర్చమని నెట్‌వర్క్ టీమ్‌ని అడగాలి.

లినక్స్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఇదే కమాండ్ ఇంకో దొంగని కూడా పట్టిస్తుంది. కంటైనర్లు నడిపే డాకర్ డిఫాల్ట్‌గా 172.17.0.0/16 రేంజ్ తీసుకుంటుంది. కొత్త కంపోజ్ ప్రాజెక్ట్ లేపిన ప్రతిసారీ 172.18, 172.19 అంటూ పక్క రేంజ్‌లు ఆక్రమిస్తుంది. మీ స్టేజింగ్ సర్వర్ కూడా 172.18తో మొదలైతే, నిన్నటిదాకా పనిచేసి ఈరోజు ఆగిపోతుంది, ఎందుకంటే ప్యాకెట్ మీ ల్యాప్‌టాప్‌లోని డాకర్ బ్రిడ్జ్‌కే వెళ్తోంది. వీపీఎన్ లాగ్‌లు ఎంత తిరగేసినా ఇది దొరకదు. రూట్ గెట్ జవాబులో 'బీఆర్-'తో మొదలయ్యే పేరు గానీ డాకర్0 గానీ కనిపిస్తే విషయం అర్థమైనట్టే. వాడని నెట్‌వర్క్‌లను డాకర్ నెట్‌వర్క్ ప్రూన్‌తో తీసేయండి. శాశ్వతంగా పోవాలంటే డాకర్ డీమన్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ అడ్రస్ పూల్స్‌ని ఆఫీసు రేంజ్‌కి తగలకుండా మార్చండి. ఇంటి రూటర్ 192.168.1 రేంజ్‌లో ఉండి, ఆఫీసు నెట్‌వర్క్‌లో కూడా అదే రేంజ్ ఉంటే వచ్చే తగాదా కూడా ఇలాంటిదే.

ఇక అన్నిటికంటే చిరాకు పెట్టేది: పోర్ట్ తెరిచే ఉంటుంది, ఎస్‌ఎస్‌హెచ్ మొదలవుతుంది, లాగ్ మాత్రం "ఎక్స్‌పెక్టింగ్ ... కెక్స్ ... రిప్లై" అనే లైన్ దగ్గర కదలకుండా ఉండిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. ఇది చాలాసార్లు ఎంటీయూ సమస్య, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చనే హద్దు సమస్య. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా వెళ్తుంది. పీపీపీఓఈ వాడే బ్రాడ్‌బ్యాండ్‌లో 1492. దాని మీద వీపీఎన్ తన హెడర్లు చేరుస్తుంది. చిన్న ప్యాకెట్లు దాటుతాయి, కీలు మార్చుకునే పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూని 1400కి గానీ, ఇంకా తక్కువగా 1300కి గానీ తగ్గించి చూడండి. వెంటనే కనెక్ట్ అయితే కారణం అదే, ఆ సంఖ్యను నెట్‌వర్క్ టీమ్‌కి చెప్పండి. ఆఫీసులో బాగానే ఉండి ఇంట్లో మాత్రమే ఇలా ఆగుతుంటే ముందు దీన్నే చూడమంటాను.

నాలుగో అడుగు: తాళంచెవి

"పర్మిషన్ డినైడ్"కి నేను మొదట చూసేది యూజర్ పేరు. ఉబుంటు ఈసీ2 మెషిన్‌లో అది ఉబుంటు, అమెజాన్ లినక్స్‌లో ఈసీ2-యూజర్. డెవ్ ఒకటి, స్టేజింగ్ ఇంకొకటి అయితే ఇక్కడే తప్పు జరుగుతుంది.

తర్వాత, అసలు ఏ కీ పంపుతున్నారు? కీలను గుర్తుపెట్టుకునే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో చాలా కీలు ఉంటే అన్నిటినీ వరసగా పంపుతుంది. సర్వర్ మామూలుగా ఆరు ప్రయత్నాలే ఒప్పుకుంటుంది. సరైన కీ ఏడోది అయితే దాని వంతు రాకముందే "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" అని బయటికి పంపేస్తుంది. అందుకే కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రతి సర్వర్‌కీ విడిగా ఒక హోస్ట్ బ్లాక్ రాయండి: హోస్ట్‌నేమ్, యూజర్, ఐడెంటిటీఫైల్, దాని కింద ఐడెంటిటీస్ఓన్లీ యెస్. జంప్ సర్వర్ ఉంటే ప్రాక్సీజంప్ లైన్ కూడా. రాశాక ఎస్‌ఎస్‌హెచ్ -జీ, ఇది పెద్ద అక్షరం జీ, తర్వాత హోస్ట్ పేరు కొడితే చివరికి ఏ సెట్టింగ్‌లు అమలవుతున్నాయో మొత్తం చూపిస్తుంది. కాన్ఫిగ్‌లో ఒక సెట్టింగ్‌కి మొదట కనిపించిన విలువే నిలుస్తుంది. కాబట్టి హోస్ట్ స్టార్ బ్లాక్‌ని ఎప్పుడూ ఫైల్ చివర పెట్టండి.

ఫైల్ పర్మిషన్లు కూడా చూడండి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ప్రైవేట్ కీకి 600, సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600. డబ్ల్యూఎస్‌ఎల్‌లో సీ డ్రైవ్ మీద ఉన్న కీకి, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్ మామూలుగా పట్టదు. కీని ఉబుంటు హోమ్‌లోకి కాపీ చేసి అక్కడ మార్చండి.

పాత సర్వర్లతో ఇంకో చిక్కు ఉంది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ-1తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఆపేశారు. ల్యాప్‌టాప్ కొత్తదై సర్వర్ బాగా పాతదైతే "నో మ్యూచువల్ సిగ్నేచర్ ఆల్గరిథమ్" అని లాగ్‌లో కనిపిస్తుంది. కొత్తగా ఈడీ25519 కీ చేసుకుని వాడండి. సెంటాస్ 6 లాంటి మరీ పాత సర్వర్‌కి ఈ కీ కూడా తెలియదు, అక్కడ ఆ ఒక్క హోస్ట్ బ్లాక్‌లో పాత పద్ధతిని అనుమతించక తప్పదు.

ఇవన్నీ సరిగా ఉన్నా రాకపోతే, సర్వర్ లోపలికి వెళ్లగలిగిన వారిని లాగ్ చూడమనండి. ఉబుంటులో వార్/లాగ్ ఫోల్డర్ కింద ఆథ్ డాట్ లాగ్ ఫైల్, రెడ్‌హ్యాట్‌లో సెక్యూర్ అనే ఫైల్. మీ వైపు చెప్పని కారణం అక్కడ ఒక లైన్‌లో రాసి ఉంటుంది.

అయిదో అడుగు: టెర్మినల్ వస్తోంది, వీఎస్ కోడ్ రావట్లేదు

వీఎస్ కోడ్ రిమోట్‌కి ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే సరిపోదు. అది సర్వర్ మీద మీ హోమ్‌లో డాట్ వీఎస్‌కోడ్-సర్వర్ అనే ఫోల్డర్ పెట్టి, అందులో తన సొంత ప్రోగ్రామ్ నడుపుతుంది. కాబట్టి ఆ ప్రోగ్రామ్ నడిచే పరిస్థితి అక్కడ ఉండాలి.

ఎక్కువమందికి తగిలింది గ్లిబ్‌సీ, అంటే లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ. 2025 మార్చి రిలీజ్ అయిన వీఎస్ కోడ్ 1.99 నుంచి సర్వర్ మీద గ్లిబ్‌సీ 2.28 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. సెంటాస్ 7లో ఉన్నది 2.17, అమెజాన్ లినక్స్ 2లో 2.26, ఉబుంటు 18.04లో 2.27. డెవ్‌ని ఉబుంటు 22.04కి మార్చి స్టేజింగ్‌ని పాతదాని మీదే వదిలేస్తే, వీఎస్ కోడ్ అప్‌డేట్ అయిన రోజు నుంచి స్టేజింగ్ ఆగిపోతుంది. ఎల్‌డీడీ --వెర్షన్ కొడితే మీ సర్వర్‌లో ఎంత ఉందో తెలుస్తుంది. సెంటాస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది, దాన్ని మార్చమని అడగడానికి ఇది మంచి సందర్భం. అప్పటిదాకా టెర్మినల్‌లో విమ్ ఎడిటర్ వాడండి.

తర్వాత డిస్క్. డీఎఫ్ -హెచ్ కొట్టి హోమ్ ఉన్న పార్టిషన్ నిండిందేమో చూడండి. స్టేజింగ్ సర్వర్లలో లాగ్‌లు పేరుకుని డిస్క్ నిండిపోవడం మామూలే. స్థలం ఉన్నట్టు చూపించినా డీఎఫ్ -ఐతో ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యేవి) అయిపోయాయేమో కూడా చూడండి.

సర్వర్‌కి ఇంటర్నెట్ లేకపోతే వీఎస్ కోడ్ సర్వర్ డౌన్‌లోడ్ కాదు. సెట్టింగ్‌లలో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ కింద లోకల్ సర్వర్ డౌన్‌లోడ్‌ని ఆల్వేస్ చేస్తే, మీ ల్యాప్‌టాప్‌లో దించి అక్కడికి పంపుతుంది. సెక్యూరిటీ కోసం స్టేజింగ్ ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్‌లలో అలౌ టీసీపీ ఫార్వర్డింగ్ "నో" అని పెట్టారేమో కూడా కనుక్కోండి. అది నో అయితే టెర్మినల్ వస్తుంది, వీఎస్ కోడ్ రాదు.

సగంలో ఆగిన ఇన్‌స్టాల్ మిగిలిపోతే కమాండ్ ప్యాలెట్‌లో "కిల్ వీఎస్ కోడ్ సర్వర్ ఆన్ హోస్ట్" నడిపి మళ్లీ కనెక్ట్ చేయండి.

డేటాబేస్, మధ్యలో తెగిపోవడం

సర్వర్‌లోకి వెళ్లగలిగి డేటాబేస్ టూల్ మాత్రం రాకపోతే, అక్కడ ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్ కొట్టండి. పోస్ట్‌గ్రెస్ 5432 గానీ మైఎస్‌క్యూఎల్ 3306 గానీ 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే బయటివారికి అందదు, అందకూడదు కూడా. దాన్ని 0.0.0.0కి మార్చకుండా, టూల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ఎంచుకుని హోస్ట్ దగ్గర 127.0.0.1 ఇవ్వండి.

కాఫీకి వెళ్లి వచ్చేసరికి సెషన్ తెగిపోతుంటే కాన్ఫిగ్‌లో సర్వర్ఎలైవ్ఇంటర్వెల్ 60 చేర్చండి. మధ్యలో ఉండే గేట్‌వేలు ఊరికే ఉన్న కనెక్షన్‌ని మర్చిపోతాయి. ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వే అయితే 350 సెకన్లకే.

ప్రొడ్, టికెట్

కస్టమర్లు వాడే ప్రొడ్ సర్వర్ మీద ఈ ప్రయోగాలేవీ చేయకండి. వీఎస్ కోడ్‌ని అక్కడికి అసలు కనెక్ట్ చేయవద్దనే నా గట్టి అభిప్రాయం. దాని సర్వర్ ప్రోగ్రామ్, ఎక్స్‌టెన్షన్లు అక్కడి మెమరీ తింటాయి, ఒక పొరపాటు సేవ్ నేరుగా కస్టమర్ మీద పడుతుంది. లాగ్ చూడాలంటే చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్ అడగండి.

మీ చేతిలో లేని చోట సమస్య ఉందని తేలితే టికెట్ వేయండి. "కనెక్ట్ కావట్లేదు, అర్జెంట్" అని రాస్తే అది క్యూలో అడుగున ఉంటుంది. మీ పబ్లిక్ ఐపీ, వీపీఎన్ ఇచ్చిన ఐపీ, సర్వర్ అడ్రస్, పోర్ట్, ప్రయత్నించిన సమయం, ఎర్రర్ ఉన్నదున్నట్టు, రూట్ గెట్ జవాబు, "ఇదే ల్యాప్‌టాప్ నుంచి ఇదే సమయంలో డెవ్‌కి వస్తోంది" అన్న మాట రాయండి. వీవీవీ లాగ్‌ని ఫైల్‌గా జత చేయండి. అందులో ప్రైవేట్ కీ ఉండదు, కానీ యూజర్ పేర్లు, లోపలి అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి కంపెనీ బయటి గ్రూపుల్లో పెట్టకండి. పరీక్ష కోసం తాత్కాలికంగా ఏదైనా రూల్ తెరిపించి ఉంటే, అది మూసేయమని కూడా అదే టికెట్‌లో తేదీతో సహా రాయండి.